అక్క కాలి కట్టు మీద గళ్లు

"మా తమ్ముడు నా కాలు మీద అష్టాచెమ్మా గీసిండు" అని అక్క అందరికీ చెబుతుంది. అందరూ నవ్వుతారు, అంతటితో అయిపోతుంది. ఆ గీతల వెనక నేను చదివింది ఒకటి ఉంది. అది నవ్వుల్లో పోకూడదని రాస్తున్నాను.

అక్క ఎయిర్‌పోర్టులో నేలలు తుడుస్తుంది. నిలబడి నిలబడి కాలి నరాలు ఉబ్బి, మడమ పైన పుండు పడింది. సాగే కట్టు సరైన బిగువులో ఉంటేనే మానుతుందని దవాఖాన నర్సు చెప్పింది. ఆమె కడితే కుదురుగా ఉండేది. ఇంట్లో నేను కడితే ఒకసారి జారిపోయేది, ఇంకోసారి కాలి గోళ్లు నీలమయ్యేవి.

"ఇది కట్టా, ఉరా? రబ్బరు గాదురా, జర మనిషి కాలని యాది పెట్టుకో!" అని అక్క తిట్టేది.

నేను గగన్‌పహాడ్‌ కార్ఖానాలో రబ్బరు వాషర్లు కోస్తాను. బడి చదువు పదితో ఆగింది, మిగతాదంతా రాజేంద్రనగర్ గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఆ వారమే అక్కడ, లాగితే రంగు మారే రబ్బరు గురించి చదివాను. అందులో పుల్లల్లాంటి అణువులు పొరలుగా ఉంటాయి. ఒక్కో పొర కింది పొర కన్నా కాస్త తిరిగి, మెలికల మెట్లలా పేరుకుంటుంది. ఒక చుట్టు ఎత్తును బట్టి ఏ రంగు వెలుగు తిరిగి రావాలో తేలుతుంది. లాగితే రబ్బరు పలచబడి చుట్లు దగ్గరవుతాయి. ఎరుపు ఆకుపచ్చవుతుంది, ఆపైన నీలం. పొరలను మెలిపెట్టే అణువు ఎంత కలపాలో, రబ్బరులోని అణువుల గొలుసులను ఎన్నిచోట్ల ముడివేయాలో ముందే ఆలోచించి చేస్తారట. రంగు పూయరు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న బంగారు పురుగులాగా, అల్లికే మెరుస్తుంది.

ఇంటికి పోయే బస్సు సాతంరాయి దాటుతుంటే పైనుంచి విమానం దిగుతోంది. కిటికీలో నాకు అక్క కాలే కనిపించింది. వదులైతే ఎరుపు, సరిపోతే ఆకుపచ్చ, బిగిస్తే నీలం.

"గసొంటి పట్టీ ఉన్నదా మేడం?" అని, ఆ రబ్బరు సంగతి చెప్పి నర్సును అడిగాను.

"ఉంటే మొదలు నాకే కావాలె తమ్మీ."

రంగు లేకపోతే ఆకారమైనా బిగువును చెప్పాలి కదా అనిపించింది. ఆమె కట్టాక, ఆ కట్టు మీదే, దవాఖానలో మందుల చీటీలు రాసే అక్క ఇచ్చిన పెన్నుతో చతురస్రాలు గీశాను. విప్పితే అవి ముడుచుకొని సన్నగా నిలబడ్డాయి. ఇంట్లో అవి మళ్లీ చతురస్రాలయ్యేదాకా లాగి చుట్టాను. మర్నాడు నర్సు కట్టును వేలితో నొక్కి చూసి, "ఇగ నా పని పోయినట్టే" అంది.

పుండు అంచుల నుంచి లోపలికి గులాబీ రంగు తేలుతూ వచ్చింది. ఎవరూ పూయని రంగు. ఒకరోజు కట్టు అవసరం లేకుండా పోయింది.

పేర్లు రాయొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. అందుకే పనులతోనే తలచుకుంటున్నాను. కట్టు నేర్పిన నర్సమ్మకు, తలుపులు మూసే వేళ దాటినా చదువుతున్న పత్రిక తిరిగి అడగని గ్రంథాలయం సారుకు, పెన్ను ఇచ్చిన మందుల చీటీల అక్కకు దండాలు. తిడుతూనే కాలు కదపని మా అక్కకు ఇంకో దండం.