తోలు గీకినోళ్ల పేర్లు

“మీ ఆయన పేరేంది?” అని ఆమె అడిగింది.

“మొగని పేరు నోటితోని చెప్పొద్దమ్మా,” అన్నాను. అంతలో ఆమె విమానం ఎక్కే వేళైంది.

శంషాబాద్ విమానాశ్రయంలో మన పక్కన కూర్చున్న ఆ కెనడా ఆదివాసీ మనిషి మాటలు నువ్వే కదా తెలుగులో చెప్పావు, సుజాతా. ఆమె చూపిన పాత ఫోటోలో మంచు మీద ఒకావిడ తోలు గీకుతోంది. కింద మాత్రం బొచ్చు తోళ్లు కొన్న దొర పేరే ఉందట. గీకినావిడ ఈమె ముత్తవ్వ. ఈమె ఊరూరా తిరిగి, ముసలివాళ్లను అడిగి, ముత్తవ్వ పేరు పట్టుకొచ్చి ఫోటో వెనక రాసింది. ఎంత గట్టి మనిషి!

మా ఆయన, మీ తాత కూడా తొండుపల్లిలో తోళ్లే గీకాడు. ఆయనకైతే ఫోటో కూడా లేదు.

ఇగ చెప్తున్న, రాయి బిడ్డా: బాలయ్య. రాసినవా? ఏదీ, జర చదువు, వింట.