నేనే బాబాయి

మా బాబాయికి ఉన్నది ఒకటే అలవాటు. ఎక్కడ ఏ తప్పు జరిగినా "నేనే" అని ఒప్పేసుకుంటాడు. పాలు పొంగిపోతే నేనే. పక్కింటి కుక్క తప్పిపోతే నేనే. ఒకసారి ఆఫీసులో లిఫ్టు ఆగిపోతే, ఆ రోజు సెలవులో ఉండి కూడా ఫోన్ చేసి మరీ ఒప్పుకున్నాడు. దాంతో వీధిలో అందరికీ ఆయన "నేనే బాబాయి" అయిపోయాడు. పిన్ని మాత్రం, ఈయన్ని కట్టుకున్న నేరం ఒక్కటే నాది, మిగతావన్నీ ఆయనవే అంటుండేది.

అలాంటి మనిషిని పోలీసు మ్యూజియానికి తీసుకెళ్ళాలన్న బుద్ధి నాకెందుకు పుట్టిందో తెలియదు.

పాత పోలీసు స్టేషన్‌నే మ్యూజియం చేశారు. రెండు గదులు, ఒక లాకప్పు. గోడలనిండా ఈలలు, లాఠీలు, మీసాలు మెలేసిన పోలీసుల ఫోటోలు. అన్నీ చూపించే పెద్దాయన రిటైరైన కానిస్టేబులు. చేతులు జేబుల్లోంచి తీయకుండా, గడ్డంతోనే ఇదిగో ఇది, అదిగో అది అని చూపిస్తున్నాడు. ఈ స్టేషన్ గంటనే ఎవరో ఎత్తుకుపోయారనీ, వందేళ్ళయినా దొంగ దొరకలేదనీ చెబుతుండగా బాబాయి గొంతు సవరించుకున్నాడు. పిన్ని ఆయన కాలు తొక్కింది. లాభం లేకపోయింది.

"నేనేనేమో," అన్నాడు బాబాయి.

సర్వీసంతా ఒక్క దొంగ చేతా నిజం కక్కించలేకపోయానని బాధపడే పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. ముచ్చటపడి పాత బేడీలు తెచ్చి, బాబాయి చేతులు వెనక్కి పెట్టించి తగిలించాడు. బాబాయి ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

అంతలో బయట కారు ఆగింది. పెద్దాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. తనిఖీకి వచ్చే మేడమ్ కారు అదేననీ, ఇంకొక్క వస్తువు పగిలితే ఇంటికి పంపేస్తానని కిందటిసారే చెప్పిందనీ గొణిగాడు. ఆ కంగారులో బల్లమీది పాత లాంతరు సర్దబోయాడు. చెయ్యి వణికింది. లాంతరు భళ్ళుమంది. ఆ చప్పుడుకి మేడమ్ లోపలికొచ్చి, ఎవరు పగలగొట్టారని అడిగింది.

"నేనే," అన్నాడు బాబాయి, పెద్దాయన నోరు తెరిచేలోపే.

ఆవిడ ఆయన వెనక్కి వెళ్ళి బేడీలు చూసింది. "ఈ చేతులతోనా?"

"మోచేత్తో."

"అదీ వెనకే ఉందిగా."

బాబాయి తల ముందుకు వంచాడు. "అయితే తలతో."

నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను. పిన్ని ముందుకొచ్చింది. "ఆయన మాటకేంగానీ మేడమ్, నా హ్యాండ్‌బ్యాగు తగిలింది."

మేడమ్ అందరి ముఖాలూ చూసి, ముందా బేడీలు తీయమంది. పెద్దాయన ఎంత ప్రయత్నించినా తాళంచెవి కన్నంలోకి వెళ్ళడం లేదు. ఆవిడ ఆ చేతులవైపు చూసింది. తాళంచెవి అందుకుని తనే తీసింది.

"గాజు సామాను ఇక మీరు ముట్టుకోవద్దు," అంది పెద్దాయనతో. "కథలు చెప్పడం మాత్రం మానొద్దు."

బయటికొచ్చాక బాబాయి మణికట్లు రుద్దుకుంటూ, మధ్యలో నువ్వెందుకు దూరావని పిన్నిని అడిగాడు.

"ఏం చెయ్యమంటారు? ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ నెత్తినేసుకుంటున్నారు. ఒక్కసారైనా నమ్మేలా చెప్పడం వచ్చిందా మీకు?"