సలాం పెట్టే నీడ

చచ్చిపోయిన స్నేహితుడు టీవీ తెర మీద సలాం పెడితే మీరు దాన్ని దయ్యమంటారా?

ఆదోని వీడియోగేమ్ అంగడిలో నాతో ఆడే నేస్తానికి ఒక అలవాటు ఉండేది. కొట్లాట మొదలవగానే వాడి బొమ్మ ఒకసారి కూర్చుని లేచేది. ఎదుటి బొమ్మ కూడా అలా చేసేదాకా వాడు గుద్దేవాడు కాదు. "ముందు సలాం పెట్టప్పా, ఆమీట తన్నులు తిందువు" అనేవాడు.

వాడు పోయాక ఎమ్మిగనూరులో వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పాత ఆటే ఇప్పుడు కొత్త గేమ్ పెట్టెలో వచ్చింది. ఆడేవాడి తీరు నేర్చుకుని, వాడు లేనప్పుడూ వాడిలాగే ఆడే నీడ అందులో ఉంది. బతికుండగా వాడు ఆడిన తీరంతా అది నేర్చేసుకుంది. వాడి భార్య రోజూ ఆ నీడతో ఆడుతోంది. ఆమెకు గాలి సోకిందని, వేపమండలతో కొట్టి దించమని మరిది మంత్రగాణ్ణి పిలిపించాడు. అతను మండలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

నేను గేమ్ ప్యాడ్ అందుకున్నాను. నీడ కూర్చుని లేచింది. నేను కదలలేదు. అదీ గుద్దకుండా నాకోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"అది మిషనని నాకూ తెల్సన్నా. ఆయప్ప మర్యాద దాంట్లో మిగిలింది, అంతే" అందామె.

ప్యాడ్ మరిదికి ఇచ్చాను. నీడ అతనికీ సలాం పెట్టింది.

"ఇప్పుడు నీకూ గాలి పట్టినట్లే గదప్పా, ముందు నిన్ను కొట్టమనాల్నా?" అని ఆమె అడిగింది.

మరిది ప్యాడ్ కింద పెట్టేశాడు. మంత్రగాడు మాత్రం మండలు ఇంకా వదల్లేదు. అలాంటివాడు మీ వీధికీ వస్తాడు. చూస్తూ నిలబడకండి. ఆ చెయ్యి పట్టుకుని ఆపండి.