ముట్టుకుని చదవాల్సిన శిశిరం

కవిత్వం మనిషిని కదిలించాలంటారు. నా కవిత్వం ఒక మధ్యాహ్నంపూట బడినిండా జనాన్ని కదిలించింది. నిలబడ్డవాళ్ళని నిలబడనివ్వలేదు, కూర్చున్నవాళ్ళని కూర్చోనివ్వలేదు. అంతటి కవయిత్రి ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటాను. దూరం నుంచే పెట్టుకుంటాను లెండి, ముట్టుకోను.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు ఇంకా మొలవని రోజులవి. నాచారంలో ఒక ప్రైవేటు బడిలో నేను డ్రాయింగు టీచర్ని. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, ఇల్లంతా నా జీతం మీదే నడుస్తోంది. సరిగ్గా అప్పుడే ఊరికి కంప్యూటర్ల పిచ్చి పట్టింది. మా కరస్పాండెంటు గారు మేడమీద ఒక గదికి ఏసీ పెట్టించి కొత్త కంప్యూటర్లు దింపించారు. కంప్యూటరు పీరియడు లోపలికి రావాలంటే ఏదో ఒక పీరియడు బయటికి పోవాలి కదా. మొదటి వేటు డ్రాయింగుకేనని, రెండోది ఆటలకని స్టాఫ్‌రూమంతా చెప్పుకుంటున్నారు.

ఆయన గదికి వెళ్ళి బతిమాలాను. చెడ్డమనిషేం కాదు. తెల్లచొక్కా నలగకుండా కూర్చుని అంతా విన్నారు. విని, "పేరెంట్స్ మీటింగునాడు మీ బొమ్మలు పెట్టుండ్రి మేడం. వాళ్ళకు నచ్చితే మీ పీరియడ్ ఉంటది. లేకుంటే కంప్యూటరుకు ఇస్త" అన్నారు.

అంటే నా కొలువు, మా ఇంట్లో పొయ్యి, రెండూ ఆ ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడ్డాయన్నమాట. ఇంకొకరైతే బుద్ధిగా నాలుగు కొండలు, సూర్యుడు, రెండు కొబ్బరిచెట్లు వేసి బయటపడేవారు. నేనా? ఆ వయసులో నన్ను నేను మామూలు మనిషిననుకుంటే కదా!

ఆరు ఋతువులకు ఆరు ప్లైవుడ్ చెక్కలు తెచ్చాను. చెక్కచెక్కకీ రంగులు, గోనెగుడ్డ, ఆ ఋతువులో దొరికే ఆకో పువ్వో, మధ్యలో నా స్వహస్తాలతో రాసిన కవిత. వసంతానికి మావిడాకులు, శరత్తుకి గునుగు పూలు, హేమంతానికి చామంతి రేకులు. అన్నీ ఎండబెట్టి ఫెవికాల్‌తో అంటించాను. పైగా నాకొక సిద్ధాంతం. బొమ్మని కళ్ళతో చూస్తే సగమే అర్థమవుతుంది, చేత్తో తడిమితేనే పూర్తిగా తెలుస్తుంది. అందుకని పెద్ద అక్షరాలతో ఒక బోర్డు రాసిపెట్టుకున్నాను: "దయచేసి ముట్టుకుని చదవండి."

మిగిలింది శిశిరం. ఎండుటాకులు ఎవరైనా అంటిస్తారు, నాకు కొత్తది కావాలి. అమ్మతో కీసర గుట్టకు వెళ్ళాను. అమ్మ దర్శనం వరసలో నిలబడితే నేను గుట్ట వెనక పొదల్లో పడ్డాను. అక్కడ కనిపించింది ఒక తీగ. తీగనిండా వంకర కాయలు, కాయలనిండా బంగారు రంగు నూగు. ఎండ పడితే పట్టుబట్టలా మెరిసిపోతోంది. ఇంత అందాన్ని ఎవరూ కోసుకోలేదేమిటా అని నేను ఆశ్చర్యపోయానే తప్ప, ఎందుకు కోసుకోలేదో ఆలోచించలేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ప్లాస్టిక్ కవరు నింపుకున్నాను. అమ్మకు చూపించలేదు, అందరితోపాటు మీటింగునాడే చూసి మురిసిపోవాలని.

ఆ రాత్రి నుంచే మొదలైంది. చేతులు మంట, మణికట్లు దద్దుర్లు, మెడంతా జిల. అమ్మ దిష్టి అంది, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. డాక్టరు ఎలర్జీ అన్నాడు. నేను మాత్రం ఇద్దరినీ నమ్మలేదు. పెద్ద కవిత పుట్టే ముందు కవికి ఒళ్ళు కాలుతుందని నా నమ్మకం. నిద్రపట్టక లేచి, ఒక చేత్తో గోక్కుంటూ రెండో చేత్తో రాశాను:

"శిశిరమా, నీ బంగారు నూగు తగిలి
నా వేళ్ళలో నిప్పు రాజుకుంది.
కునుకు పట్టనివ్వని ఈ మంటకు
మందు లేదు, మాట ఒక్కటే."

చదువరులారా, గమనించారా? జబ్బు లక్షణాలన్నీ వరసగా రాసి, కవిత అని పేరు పెట్టాను.

మీటింగు రోజు వచ్చింది. కింద హాల్లో ఆరు చెక్కలూ గోడకి మేకులు దిగ్గొట్టి బిగించాను. పైన బోర్డు. తల్లిదండ్రులు గేటు దగ్గర గుమిగూడుతున్నారు. అప్పుడు కుర్చీలు సర్దడానికి యాదగిరి సార్ వచ్చాడు. మా ఆటల మాస్టారు, సొంతూరు కీసర పక్కనే. చెక్కలన్నీ చూసుకుంటూ వచ్చి శిశిరం ముందు ఆగి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"మేడం, గీ కాయలు యాడ దొరికినయి?"

"మీ గుట్ట వెనకే సార్. బాగున్నాయి కదూ?"

"ఇది దూలగొండి మేడం. దీని నూగు తగిల్తె దురదకు బర్రె కూడ పలుపు తెంపుకొని ఉరుకుతది."

వారం రోజుల మంట, దద్దుర్లు, నా కవితావేశం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చెక్క పీకుదామని లాగాను, నా మేకులు నన్ను చూసి నవ్వాయి. కప్పుదామంటే గుడ్డ లేదు. కనీసం బోర్డయినా తీసేద్దామని కుర్చీ ఎక్కేసరికి కరస్పాండెంటు గారు తల్లిదండ్రుల్ని వెంటేసుకుని లోపలికి వచ్చారు.

వసంతం తడిమారు. గ్రీష్మం తడిమారు. బోర్డులో ఉన్నట్టే ఒక్కొక్కరూ భక్తిగా తడుముతూ వస్తున్నారు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. వెళ్ళి శిశిరానికి అడ్డంగా నిలబడ్డాను. దీని రంగు ఇంకా ఆరలేదని చెప్పాను. కరస్పాండెంటు గారు వంగి చూసి ఆరిందే అన్నారు. కాయలు రాలిపోతాయన్నాను. గట్టిగానే అంటుకున్నాయి కదా అన్నారు.

"దీన్ని మాత్రం ముట్టుకోకండి సార్," ఇక సూటిగానే అన్నాను.

"ముట్టుకొని చదవమని మీరే రాసిన్రు గద మేడం. గంత సిగ్గెందుకు, మంచిగనే చేసిన్రు" అని నన్ను మెల్లగా పక్కకు జరిపి, అరచెయ్యంతా ఆనించి ఒక్కసారి పైనుంచి కిందికి నిమిరారు. "మఖ్మల్ లెక్కున్నది. సూడుండ్రి, మీరు గూడ సూడుండ్రి."

చూశారు. వరసకట్టి చూశారు. పిల్లల్ని మాత్రం యాదగిరి సార్ ఈల ఊది గ్రౌండులోకి తోలేశాడు, అదొక్కటే నా అదృష్టం. ఆ తర్వాత కరస్పాండెంటు గారు అందర్నీ మేడమీదికి, తన ఏసీ గదిలోకి తీసుకెళ్ళారు. దోషిలాగా నేనూ వెనకే వెళ్ళాను.

అక్కడ అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుని మీటలు నొక్కారు. ముందు ఒకావిడ మణికట్టు గోక్కుంది. పక్కనున్నాయన మెడ. ఆ పక్కాయన చొక్కాలోకి చెయ్యి పెట్టాడు. కాసేపటికి గదంతా గోళ్ళ చప్పుడు. కరస్పాండెంటు గారు మౌసు వదిలేసి రెండు చేతులూ టేబులుకి రుద్దుకుంటున్నారు. కంప్యూటర్లలోంచి ఏదో కరెంటు వస్తోందని ఒకాయన అన్నాడు. ఏసీ గ్యాసని ఇంకొకరు. పిల్లల్ని ఈ గదిలో కూర్చోబెడితే బడే మాన్పిస్తామని ఒకావిడ లేచి నిలబడింది.

నాకు నిజంగా సిగ్గేసింది. ఉద్యోగం పోతే పోయిందని నోరు తెరిచాను. "సార్, అది కంప్యూటరు కాదు..."

యాదగిరి సార్ నా కాలు తొక్కాడు. తర్వాతి వేటు ఆటల పీరియడుకేనని మీకు ముందే చెప్పాను కదా.

"కంప్యూటర్ కరెంటుకు పెండ మంచిగ పన్జేస్తది సార్," అన్నాడు గంభీరంగా.

బడి వెనక బర్రెల కొట్టం ఉంది. దిక్కుతోచని జనం ఏం చెప్పినా వింటారు. ఉప్పల్, నాచారం పెద్దమనుషులంతా వరసగా నిలబడి మోచేతుల దాకా పేడ పూసుకున్నారు. తెల్లచొక్కా కరస్పాండెంటు గారు అందరికంటే ముందు. కాసేపటికి మంట తగ్గింది. యాదగిరి సార్‌కి కంప్యూటర్ల గురించి కూడా తెలుసని బడిలో పేరొచ్చింది.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. అంతా విని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అంది. ఇక్కడ కందా నేనే కత్తిపీటా నేనేనని ఆవిడకి తట్టలేదు. మర్నాడు మేకులు పీకి, చెక్కని గోనెసంచిలో చుట్టి, నేనూ యాదగిరి సారూ కలిసి గ్రౌండు చివర పాతిపెట్టాం.

సోమవారం కరస్పాండెంటు గారు పిలిపించారు. కంప్యూటర్లు వాపసు పంపిస్తున్నానని, వచ్చే ఏడాది చూద్దామని చెప్పారు.

"మీ బొమ్మలే నయం మేడం," అన్నారు మోచెయ్యి గోక్కుంటూ. "ఎంతమంది ముట్టుకున్నా ఏం గాదు. ఆ మఖ్మల్ బొమ్మ నా రూంల పెట్టుండ్రి."

కొలువు నిలబడ్డందుకు ఏడవాలో, ఆ మాటకు నవ్వాలో తెలియలేదు. అది విరిగిపోయిందని అబద్ధమాడి, ఉప్పల్ బట్టల కొట్లో అసలైన మఖ్మల్ గుడ్డ కొని, కాయల ఆకారంలో కత్తిరించి ఇంకో శిశిరం చేసిచ్చాను. ఆయన చాలాసేపు నిమిరి చూశారు. పెదవి విరిచారు.

"మంచిగనే ఉంది మేడం. గానీ మొదటి దాంట్ల ఏదో ఉండె. చేయి తీసినంక కూడ పోలే."

అందుకే ఆరు ఋతువుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కవితల్ని చదవండి, నవ్వండి, చింపి పొట్లాలు కట్టుకోండి. ముట్టుకోమని మాత్రం ఈ జన్మలో ఎవర్నీ అడగను.