సత్యంగారి పాయింట్ టూ టూ పిస్టల్

కోవిడ్ తగ్గి షాపులన్నీ మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది అది. రాజమహేంద్రవరంలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో మాకు లైసెన్సు ఉన్న తుపాకుల రిపేరు షాపు ఉంది. నాన్నగారు పోయాక నేనే నడుపుతున్నాను. ఎక్కువగా వచ్చేవి బ్యాంకు గార్డుల తుపాకులు. పోటీల్లో గురిచూసి కాల్చేవాళ్ల పిస్టళ్లు అప్పుడప్పుడూ వస్తాయి.

అలా వచ్చేవాళ్లలో సత్యంగారు ఒకరు. మండపేటలో రైస్ మిల్లు ఉన్న కుటుంబం. వయసులో ఉండగా షూటింగ్ పోటీలకు వెళ్లేవారు. నాన్నగారికి స్నేహితుడు కావడంతో నేను బాబాయిగారూ అనే పిలిచేదాన్ని. ఆయన దగ్గర పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ పిస్టల్ ఉండేది. రిమ్‌ఫైర్ అంటే, తూటా అడుగున మధ్యలో కాకుండా అంచు మీద దెబ్బ పడితే పేలే రకం. పాయింట్ టూ టూ అనేది తూటా సైజు. తూటా చిన్నదే, మసి మాత్రం ఎక్కువ. అందుకని తరచూ విప్పి తుడవాలి. ఆ పని ఆయన మాకు ఇచ్చేవారు కాదు. మా బల్ల మీదే విప్పి తుడిచి, నాన్నగారితో కబుర్లు చెబుతూ, చూడకుండానే తిరిగి బిగించేసేవారు. నాకు ఆ పని నేర్పింది కూడా ఆయనే.

ఆ ఏడాది భార్య రాజ్యంగారితో కలిసి వచ్చారు. పిస్టల్ ముక్కలు తువ్వాలులో మూటకట్టి ఉన్నాయి.

“స్ప్రింగ్ పాడైందమ్మా. ఎలా పెట్టినా కూర్చోవట్లేదు,” అన్నారు.

స్ప్రింగ్ బాగానే ఉంది. నేను బిగించి ఇచ్చాను. ఆయన అందుకుని, గోడ వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కేశారు. ఖాళీ రిమ్‌ఫైర్‌లో అలా నొక్కకూడదు. తూటా లేకపోతే ఫైరింగ్ పిన్, అంటే తూటాను కొట్టే మేకులాంటి ముక్క, తూటా కూర్చునే గది అంచుకే తగిలి దాన్ని చెడగొడుతుంది. చిన్నప్పుడు నేనా పని చేస్తే చేతి మీద ఒక్కటిచ్చిన మనిషి ఆయన. రాజ్యంగారి వైపు చూశాను. ఆవిడ చూపు తిప్పేసుకున్నారు.

వానలు మొదలయ్యాక ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి పిస్టల్ బిగించే ఉంది కానీ, పైన వెనక్కీ ముందుకూ జరిగే స్లయిడ్ కదలడం లేదు. లోపల స్ప్రింగ్ తిరగేసి పెట్టినట్టున్నారు. ఏ ఆయుధం వచ్చినా ముందు బ్యారెల్‌ని, పొరపాటున పేలినా తూటా ఆగిపోయే ఇసుక పెట్టె వైపు తిప్పి, తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసి, లోపల ఖాళీయేనా అని చూడటం మా పద్ధతి. మ్యాగజైన్ లేదు. స్లయిడ్‌ని బలంగా లాగాను. లోపలి నుంచి తూటా ఒకటి ఎగిరి బల్ల మీద పడింది.

రాజ్యంగారి వైపు తిరిగాను.

“పిన్నిగారూ, ఇంట్లో ఇది ఎక్కడుంటుందండి?” అని అడిగాను.

“బీరువాలోనే పెట్టేవారమ్మా. ఈ మధ్య మంచం పక్కన పెట్టుకుంటున్నారు. మనవరాలు ఆ మంచం మీదే ఆడుకుంటుంది. ఏడాది పైనే అయింది ఇలా. మిల్లుకెళ్లి, ఇంటికి దారెటు అని అడుగుతున్నారట. ఎవరికీ చెప్పలేదమ్మా. నలుగురిలో చులకనైపోతారని.”

“బాబాయిగారూ, పిస్టల్ ఇక్కడ డిపాజిట్ చేసెయ్యండి,” అన్నాను. లైసెన్సు ఉన్నవాళ్లు ఆయుధాన్ని పోలీస్ స్టేషన్లో గానీ, అనుమతి ఉన్న మాలాంటి షాపులో గానీ భద్రంగా ఉంచుకోవచ్చు.

ఆయన మొహం ఎర్రబడింది. “నువ్వు గౌన్లు వేసుకునే రోజుల నుంచి ఎరుగుదును నిన్ను. నా పిస్టల్ నేను చూసుకోలేనంటావా?”

తూటాను ఆయన అరచేతిలో పెట్టాను. “ఇది లోపల ఉందండి. మండపేట నుంచి ఇక్కడిదాకా కారులో ఇలాగే తెచ్చారు.”

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “నేనే పెట్టానా?”

“మీరే అయ్యుండాలండి.”

తూటా బల్ల మీద పెట్టి, “ఒక్కసారి నన్ను బిగించనీ,” అన్నారు. తూటా తీసి దూరంగా పెట్టి, పిస్టల్ విప్పి ముక్కలు ఆయన ముందుంచాను. స్ప్రింగ్ తీసుకున్నారు. ఒకవైపు పెట్టి, తిప్పి మరోవైపు పెట్టి, మళ్లీ తీశారు. సాయం చెయ్యాలని నా చేతులు ముందుకు వెళ్తున్నాయి. ఆపుకున్నాను. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. చివరికి ముక్కలన్నీ నా వైపు జరిపి, “నువ్వే పెట్టెయ్యమ్మా,” అన్నారు.

నేను బిగిస్తున్నంతసేపూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. డిపాజిట్ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు.

అంతటితో అయిపోలేదు. కొన్నాళ్లకు మిల్లు డ్రైవర్‌ని వెంటబెట్టుకుని వచ్చి, షాపులో గార్డులు కూర్చుని ఉండగా, “స్నేహితుడి కూతురని నమ్మితే నా పిస్టల్ కొట్టేసింది,” అని అరిచారు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చారు. మళ్లీ అదే మాట. నేను నీళ్లిచ్చి కూర్చోబెట్టి, రాజ్యంగారికి ఫోన్ చేసేదాన్ని.

చలికాలం వెళ్లేసరికి రావడం మానేశారు. ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను.

“ఇప్పుడు గొడవ లేదమ్మా,” అన్నారు రాజ్యంగారు. “అలాంటిదొకటి తన దగ్గర ఉండేదనే గుర్తు లేదు ఆయనకి.”

ఆ రోజు ఇక ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. దొంగ అని తిట్టినప్పుడే నయం అనిపించింది.

ఆయుధం సరిగా ఉందో లేదో చూడటం నాన్నగారు నేర్పారు. దాన్ని పట్టుకున్న మనిషిని కూడా చూడాలని సత్యంగారి వల్ల తెలిసింది. ఇప్పుడు పెద్దవయసు వాళ్లు ఎవరొచ్చినా, ఒకసారి మీరే విప్పి బిగించండి అంటాను. కొందరు నవ్వుతూ చేస్తారు. కొందరికి కోపం వస్తుంది. “ఏంటమ్మా, నాకే పరీక్ష పెడుతున్నావా?” అంటారు.

“అవునండి,” అంటాను.