పదకొండింట్ల పాస్

ఆ రోజు ఇచ్చోడలో బస్సాగగానే, సీటు పోకుండా చేతిలోని మూత్రపరీక్ష రిపోర్టు దానిమీద పెట్టి బాత్రూముకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి పక్కసీట్లోని గాజులమ్మే ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"గిది పిల్లగాని మార్కుల కాగితమా, బిడ్డా?"

"కాదవ్వా, నా ఒంట్లున్న పురుగుది. మూత్రంల మంట దానితోనే. పన్నెండు మందులు పెట్టి చూసిండ్రు, ఒక్కదానికే చస్తదట."

"అంటే పదకొండింట్ల పాసైనట్టే! దానికి గింత మంచిగ ట్యూషన్ ఎవలు చెప్పిండ్రే?"

ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగాడు. నేను మెల్లగా హ్యాండ్‌బ్యాగు జిప్పు మూశాను. డాక్టరు వారం మింగమన్న ప్రతిసారీ, మంట తగ్గిందని రెండు రోజులకే మానేసిన గోలీల అట్టలు అందులో నాలుగున్నాయి.