నాకు నచ్చని హోటళ్లు

ఎనభై దాటాక ఒకనాడు మా అమ్మ చాయ్ తాగుతూ తాగుతూ, "బిడ్డా, నన్ను సముద్రానికి తోల్కపో" అంది. నేను తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాను.

మా అమ్మాయికి మాత్రం పట్టరాని సంతోషం. అమ్మమ్మను మామూలు చోటికి తీసుకెళ్తామా అంటూ, కంచికి ఒక పూటలో వెళ్లొచ్చేలా సముద్రపు ఒడ్డునున్న పెద్ద పెద్ద రిసార్టుల వివరాలన్నీ ప్రింటు తీసి తెచ్చింది. నేతింటివాళ్లం కదా, పట్టుచీరల ఊరు కూడా చూసినట్టుంటుందని దాని ఉబలాటం. ఎంచే పని నాకు అప్పగించింది. ఒకదానికి మెట్లెక్కువన్నాను. ఇంకోచోట ఈతకొలను గుమ్మం ముందే ఉందన్నాను. మరోదాని టిఫిన్ల జాబితా మొత్తం చదివి, జొన్నరొట్టె లేదని పక్కన పడేశాను.

"అంత పెద్ద హోటల్ల జొన్నరొట్టె అడిగేది నువ్వొక్కదానివేనే అమ్మా!" అని మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నవ్వనీ. నా బాధ దానికేం తెలుసు?

రజాకార్ల రోజుల్లో నాకు ఎనిమిదేళ్లు. మాది నల్లగొండ పక్క పల్లె. మా బాపు నిజాం మీద తిరగబడ్డ సంఘంలో తిరుగుతున్నాడని వాళ్లకు తెలిసిపోయింది. ఇక ఇంటిమీదికి వస్తారని, అమ్మనూ నన్నూ మేనమామ బండెక్కించి నిజాం సరిహద్దు దాటించే ఏర్పాటు చేశాడు. బాపు మాత్రం రాలేదు.

"పడుగు మగ్గం మీదున్నది. గీ రెండు చీరలు నేసి, కోసి వస్త, మీరు పోన్రి" అన్నాడు.

సగం నేసిన పడుగును వదిలి నేతగాడు లేవడు. ఆ సంగతి అమ్మకూ తెలుసు గనక బతిమాలలేదు. బతిమాలి ఉంటే వచ్చేవాడేమో అని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

బందరు దగ్గర ఒక నేతవారింట్లో తలదాచుకున్నాం. అమ్మ వాళ్లకు నూలు కండెలు చుట్టిపెట్టేది. మాఘ పున్నమికి ఆ ఇంటివాళ్లు సముద్రస్నానానికి బండి కట్టారు.

"రావమ్మా, ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా ఉంటావా?" అని ఇంటావిడ పిలిచింది.

అమ్మ రానంది. పెళ్లయినవాళ్లు ఆలుమగలిద్దరూ కొంగుముడి వేసుకుని మునగాలి. ఒక్కతే మునిగితే మొగుడు లేడని తన నోటితో ఒప్పుకున్నట్టేనని అమ్మ నమ్మకం.

"ఆయన రానియ్. ఇద్దరం మునుగుతం" అంది.

నన్ను మాత్రం పంపింది. సాయంత్రం తడి లంగాతో తిరిగొస్తే, దాని అంచు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. సముద్రం చూడాలని అమ్మకు ఎంత ఉందో ఆ రోజే నాకు తెలిసింది.

పోలీసు చర్య అయ్యాక ఊరికి తిరిగొచ్చాం. మగ్గం ఖాళీగా ఉంది. చీరలు రెండూ కోసి, శుభ్రంగా మడతపెట్టి అటక మీద దాచి ఉన్నాయి. అంటే పని ముగించి మా దగ్గరికే బయల్దేరాడన్నమాట. దారిలో పట్టుకున్నారని కొందరన్నారు. అచ్చంపేట అడవుల్లో దళంతో కనిపించాడని ఇంకొందరన్నారు. చచ్చిపోతే చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. అదే మా కొంప ముంచింది. అమ్మ ఎదురుచూసింది. నేనూ చూశాను. సిగ్గెందుకు, నాకు మనవలు పుట్టాక కూడా బస్సెక్కితే ముసలివాళ్ల ముఖాలే వెతికేదాన్ని. ఈయనేమో, కాదు, ఆయనేమో అనుకుంటూ.

అందుకే అమ్మ సముద్రానికి పోదామంటే నాకు భయం పట్టుకుంది. తను అడిగింది షికారు కాదు. తనొక్కతే మునిగి, బాపు మీద ఆశ వదిలేద్దామంటోంది. అందుకు నేను సిద్ధంగా లేను. హోటళ్లకు వంకలు పెడుతూనే ఎండాకాలం దాటించాను, వానాకాలమూ దాటించాను.

దీపావళి వెళ్లాక ఒక మధ్యాహ్నం అమ్మ ఆ కాగితాలన్నీ ఏరి తెచ్చి నా పక్కన కూర్చుంది.

"గిన్నిట్ల నీకు ఒక్కటి నచ్చలేదా బిడ్డా?" అంది. నా వీపు మీద చెయ్యి వేసింది. "మీ బాపు లేడని నాకెప్పుడో ఎరుకైంది. నువ్వు ఎదురుసూస్తున్నవని ఊకున్న."

అరవై దాటిన మనిషిని, అమ్మ ఒళ్లో తలపెట్టుకుని, బాపు చనిపోయాడని మొదటిసారి ఏడ్చాను.